కుక్కకు చెప్పిన వాంగ్మూలం — పదకొండో భాగం

పోయిన వారం మనం క్లిఫ్టన్‌ను బండి పక్కన ఒంటికాలి మీద నిలబెట్టి వదిలేశాం. పాపం, ఇంకా అలాగే ఉన్నాడు. రెండో కాలు ఎక్కడ మోపాలో అతనికి తెలియడం లేదు. బండి దిగి నాలుగడుగులు వేసి, నీళ్ళ టాంకు దాకా వెళ్ళి వచ్చేసరికి ఆ నాలుగడుగుల్లో ఎడమకాలిది ఒకటి మాయమైంది. గాలికి చెరిగిందనుకోవడానికి లేదు. ఎవరో నీళ్ళు చల్లి, రేకుముక్కతో చుట్టూ గీసి, అడుగును అడుగులాగే ఎత్తుకుపోయారు. అక్కడిప్పుడు రెండు వేళ్ళ లోతు గుంట ఉంది. పది రోజుల్లో ఇది నాలుగోసారి.

కంగారూల దేశపు ఎడారి నడుమ ఉన్న ఈ పిర్లి అనే ఆదివాసుల ఊళ్ళో అడుగు ఎత్తుకుపోవడమంటే ఏమిటో పాలు తాగే పిల్లనడిగినా చెబుతుంది. ఆ ఇసుకను మూటగట్టి నిప్పుల్లో పెడితే కాలు ఎండిపోతుంది. కాలి వెనకాలే మనిషీ పోతాడు. క్లిఫ్టన్ దక్షిణాన పెద్ద నగరంలో పుట్టి పెరిగినవాడు, ఇలాంటివి నమ్మనని నలుగురిలో చెప్పుకునే మనిషి. అయినా నిన్నటి నుంచి ఎడమ మడమ లాగుతోంది. భయానికి నమ్మకంతో పని లేదు, దాని దారి దానిదే. పోనీ బూట్లు తొడుక్కుందామంటే అవి వాన పడ్డ రోజున వాగులో బండి నెడుతుంటే బురద పాలయ్యాయి. కొత్త జత టపాలో రావాలి. అందాకా పిల్లల సంక్షేమ శాఖ ఉద్యోగి ఉత్తకాళ్ళతోనే తిరుగుతున్నాడు.

“కాలు దించు క్లిఫ్టన్. కొంగజపం ఎంతసేపు? ఒంటిగంట దాటింది,” అంది తోటి ఉద్యోగి రోవెనా బండిలోంచి ఫైలు తీస్తూ.

“ఎవరో నా అడుగు ఎత్తుకెళ్ళారు.”

“కుక్క తవ్వి ఉంటుంది.”

“కుక్కలు రేకుతో గీసుకుని తవ్వవు.”

రోవెనా వంగి ఆ గుంట చూసింది. నల్లకళ్ళద్దాలు పెట్టుకుంది. ఈ కేసు ఆమెది. ఎనిమిది నెలల కిందట సముద్రపు ఒడ్డు ఊరి నుంచి వచ్చింది. చెడ్డ మనిషి కాదు. పిల్లలంటే నిజంగానే ప్రాణం పెడుతుంది. ఆ ప్రాణం పెట్టడంలోనే ఎన్ని ఇళ్ళు ఖాళీ అయ్యాయో ఆమెకు ఎవరూ లెక్క చెప్పలేదు.

ఇవాళ ఖాళీ అయ్యే ఇల్లు నెరీసాది. నెరీసాకు మూడేళ్ళు. తండ్రి ఎక్కడున్నాడో తెలియదు. తల్లి పోయి మూడు నెలలైంది. అప్పటి నుంచి అమ్మమ్మ నంపిజింపా దగ్గరే ఉంటోంది. ఆ అమ్మమ్మ గురించి ఫైలులో ఎర్రసిరాతో ఒక వాక్యం ఉంది: ‘అధికారులు వెళ్ళిన మూడుసార్లూ పిల్లను చంకనేసుకుని పరారైంది.’ నాలుగు గంటలకు విమానం వస్తుంది. ఈలోగా అమ్మమ్మ వాంగ్మూలం కాగితం మీద పడి, పిల్ల ఆమె దగ్గర క్షేమమని తేలితే విమానం ఖాళీగా పోతుంది. తేలకపోతే నెరీసా అందులో ఎక్కి, తన భాషలో మంచినీళ్ళడిగినా అర్థం చేసుకునే దిక్కులేని ఇంటికి పోతుంది. ఎప్పుడు తిరిగొస్తుందో ఏ కాగితమూ చెప్పదు.

మాట తర్జుమా చేసే ఆడమనిషి చావుకబురు విని రెండు వందల కిలోమీటర్ల అవతల ఏడుపు గుడారాలకు వెళ్ళింది. మిగిలింది క్లిఫ్టన్ ఒక్కడే. అతనికి భాష వచ్చు. తొమ్మిదేళ్ళ కిందట తల్లి పుట్టిన నేల వెతుక్కుంటూ వచ్చి, కిందామీదా పడి నేర్చుకున్నాడు. పిర్లికి బదిలీ అయింది మాత్రం నిరుడే. చిక్కంతా వరసలో ఉంది. తల్లి కాగితాల్లో ఏ కుటుంబమని రాసి ఉందో ఆ లెక్కన పెద్దలు అతనికి జుపురులా అని వరస కట్టారు. నంపిజింపా అన్నదీ అలాంటి వరస పేరే; జుపురులా వరసవాడికి నంపిజింపా వరస ఆడది అత్త. అత్తా అల్లుడూ ఒకరి ముఖం ఒకరు చూడకూడదు, ఒకరి పేరు ఒకరు ఎత్తకూడదు. అల్లుడు ఎదురుపడితే అత్త దుప్పటి నెత్తిన వేసుకుని పరిగెత్తాలి. అలా పరిగెత్తడమే అక్కడి మర్యాద. ఈ సంగతి క్లిఫ్టన్ పట్టణంలో పైఅధికారికి చెప్పాడు కూడా. “నీకు పెళ్ళే కాలేదు కదయ్యా, అత్త ఎక్కణ్ణుంచి వచ్చింది?” అని ఆయన పగలబడి నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. సిగ్గేసి క్లిఫ్టన్ కూడా నవ్వాడు. ఆ నవ్వు అతన్ని ఇప్పటికీ కాలుస్తోంది.

ఉపాయం చెప్పింది నంపిజింపాయే. ఊరి చివర, ముల్గా అనే ఎడారి చెట్టు కొమ్మలతో గాలికి అడ్డంగా కట్టుకున్న దడి ఒకటుంది. “ఆ మనిషి దడికి వీపు పెట్టి ఇవతల కూర్చోవాలి. నేను అవతల కూర్చుంటా. నేనతనితో మాట్లాడను. నా కుక్కతో మాట్లాడతా. చెవులున్నవాడు వింటాడు,” అని కబురంపింది. రోవెనా ఆ కబురును రెండుసార్లు తిరగేసి చెప్పించుకుంది. ‘దరఖాస్తుదారు కుక్క ద్వారా’ అని రాయడానికి ఫారంలో గడి లేదు.

ఇద్దరూ నడిచారు. మిట్టమధ్యాహ్నం ఎండకు ఎర్ర ఇసుక కాళ్ళను పట్టి లాగుతోంది. ఊరు ఊరంతా తలుపులేసుకుంది. దడికి వంద గజాల దూరంలో నెరీసా తల్లి పోయిన ఇల్లు కనబడుతోంది. గడియకు తీగ చుట్టారు, గదుల్లో ఆకుపొగ వేశారు, పోయినదాని అడుగులు మిగలకుండా చుట్టూ నేలంతా కొమ్మలతో ఊడ్చేశారు. అది మూడు నెలల కిందటి మాట. పది రోజుల కిందటి వానకు ఊరంతా బురదైంది. ఆ ఇంటి చుట్టూ గీతలు మాత్రం పొద్దున్నే ఊడ్చినంత తాజాగా ఉన్నాయి. ఎవరు ఊడుస్తున్నారని అడిగితే ప్రతివాళ్ళూ పక్కవాళ్ళ ముఖం చూస్తారు.

క్లిఫ్టన్ దడికి వీపు ఆనించి కూర్చున్నాడు. రోవెనా అతనికి ఎదురుగా, దడి అవతలి మనిషి కూడా కనబడేలా పక్కకు జరిగి కూర్చుంది. దడికి కింద జానెడు సందు ఉంది. ఆ సందులో ముసలి కుక్క ఒకటి, తల ఇటు, తోక అటు పెట్టుకుని పడుకుంది. దాని పేరు సార్జంటు. క్లిఫ్టన్‌ను చూసి ఒక కన్ను తెరిచి మళ్ళీ మూసుకుంది.

తర్వాత అతని వెనక, భుజానికి మూరెడు దూరంలో, ఎవరో ఊపిరి పీల్చారు. అంత దగ్గర ఉంటుందని అతను అనుకోలేదు.

“ఒరే సార్జంటూ, ఆ తెల్లపిల్ల చేతిలో కలం ఎండిపోతోంది. అడగమను,” అంది నంపిజింపా. సన్నటి, పొడి గొంతు.

“పిల్ల ఏం తింటుంది?” అని రోవెనా ప్రశ్న. క్లిఫ్టన్ దాన్ని తమ భాషలో, గొంతు తగ్గించి, కుక్క తలతో చెప్పాడు.

“విన్నావట్రా? ఏం తింటుందంట. నీ కూడు కాజేసి తింటుందని చెప్పు. పొద్దున నిప్పుల మీద కాల్చిన రొట్టె, మధ్యాహ్నం కంగారూ తోక, క్లినిక్కామె ఇచ్చిన పాలపొడి. ఆ పాలపొడి ఇష్టం లేదు దానికి. నీకు పోస్తుంది. అందుకే నువ్వు గుమ్మడికాయలా ఊరావు.”

క్లిఫ్టన్ తర్జుమా చేశాడు. రోవెనా నవ్వు ఆపుకుంటూ రాసుకుంది. “పడుకునేది ఎక్కడ? పక్కన ఎవరుంటారు?”

“నాకూ దాని చిన్నమ్మకూ మధ్యన. కాళ్ళ దగ్గర ఈ సార్జంటుగాడు. మగవాడన్నవాడు మా గుడారంలోకి రాడు. వస్తే వీడు పిక్క పట్టుకుంటాడు. పళ్ళు లేవు గానీ పట్టుకుంటాడు.”

ఇలా పది ప్రశ్నలు నడిచాయి. జ్వరమొస్తే ఏం చేస్తావు, తాగి వచ్చేవాళ్ళెవరైనా ఉన్నారా, నువ్వు పోతే పిల్లను ఎవరు చూస్తారు. ముసలామె ఒక్కదానికీ తడుముకోలేదు. మధ్యమధ్యలో నెరీసా ఆమె ఒళ్ళోంచి దిగి కుక్క తోక లాగుతున్న చప్పుడు వినబడుతోంది. రోవెనా కలం వేగంగా కదులుతోంది. చివరికి ఎర్రసిరా వాక్యం దగ్గరకొచ్చింది.

“మూడుసార్లు మేమొస్తే ఎందుకు పారిపోయావు?”

దడి అవతల ముసలామె నాలుక చప్పరించింది. “ఇదేం ప్రశ్నరా సార్జంటూ! అల్లుడి వరస మనిషి బండిలో కూర్చుని వస్తుంటే పరిగెత్తక మంచం వేసి కూర్చోబెడతానా? మోకాళ్ళు అరిగిపోయాయి. మూడోసారైతే నెత్తిన దుప్పటితో ముళ్ళగడ్డిలో పడ్డాను. ఆ తెల్లపిల్ల ఒక్కతే వస్తే టీ కాచి ఇచ్చేదాన్ని కదా.”

క్లిఫ్టన్ ఇంగ్లీషులో చెప్పడానికి కొంచెం సమయం పట్టింది. చెప్పాక రోవెనా కలం ఆగిపోయింది.

“మూడుసార్లూ బండిలో నువ్వున్నావు.”

“ఉన్నాను.”

“అంటే ఆవిడ పారిపోయింది వెల్ఫేర్‌ను చూసి కాదు. నిన్ను చూసి.”

“నాకు మర్యాద ఇచ్చి.”

“ఇంత విషయం నాకెందుకు చెప్పలేదు?” రోవెనా ముఖం ఎర్రబడింది. “దీని మీద పిల్లను తీసుకుపోవాలని సంతకం పెట్టాను నేను!”

“పైవాళ్ళకు చెప్పాను. పెళ్ళయిందా అని నవ్వారు. రెండోసారి నవ్వించుకోవడం నాకు చేతకాలేదు. తప్పు నాదే.”

రోవెనా ఎర్రసిరా వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన నాలుగు వరసలు రాసింది. గడియారం చూసింది. మూడుంబావు. “ఇది చాలు క్లిఫ్టన్. పిల్ల ఇక్కడే ఉండొచ్చు. నేను పట్టణానికి ఫోన్ చేసి చెబుతాను, విమానం ఖాళీగా పోతుంది. చివర ఒక్క గడి నింపాలి, తర్వాత ఆవిడ వేలిముద్ర, తర్జుమా చేసినవాడిగా నీ సంతకం. ‘ఈ కుటుంబంతో నాకు బంధుత్వం లేదు’ అన్న గీత మీద.”

క్లిఫ్టన్‌కు ఒళ్ళంతా తేలికైంది. నిన్నటి తర్వాత మొదటిసారి ఎడమ మడమ గురించి మర్చిపోయాడు. ఆ తేలికలోనే ఆమె ఏ గడి నింపబోతోందో చూసుకోలేదు.

రోవెనా ఫారంలోకి చూస్తూ పిల్ల తల్లి పేరు పైకి చదివింది. మొదటి పేరు, ఇంటిపేరు, స్పష్టంగా, ఎండలోకి. ఆ పేరు నేనిక్కడ రాయను. పోయినవాళ్ళ పేరు పిర్లిలో పైకి అనకూడదు; మూడు నెలలుగా ఆ శబ్దం ఏ నోటా రాలేదు. అదే పేరున్న ఇంకో ముగ్గురు ఆడపిల్లలు కూడా పేర్లు మార్చుకున్నారు.

కాకులు ఆగిపోయాయి. అంతవరకూ అవి అరుస్తున్నాయని ఆగిపోయాకే తెలిసింది. సార్జంటు లేచి నిలబడింది. మొరగలేదు. మూసి ఉన్న ఇంటి వైపు చూస్తూ చెవులు వెనక్కి వంచింది.

“అమ్మా,” అంది నెరీసా దడి అవతల. ఏడుపు గొంతు కాదది. ఎవరో పిలిస్తే పలికినట్టు అంది.

రోవెనా తల తిప్పి ఇంటి వైపు చూసింది. గడియకు చుట్టిన తీగ కొస, గాలి లేకపోయినా, మెల్లగా ఊగుతోంది. ఆమె చేతుల మీద నూగు లేచింది. “నేనేం చేశాను?” అంది గొంతు తగ్గించి.

“పిలిచావు,” అన్నాడు క్లిఫ్టన్.

నంపిజింపా గుప్పెడు ఇసుక తీసి ఇంటి వైపు విసిరిన చప్పుడైంది. ఇంకో గుప్పెడు. ఆమె గొంతు ఇప్పుడు మారిపోయింది, తొందరగా, కిందిస్థాయిలో వస్తోంది. “విన్నావా సార్జంటూ? పిలిచారు. పిలిస్తే వచ్చి నిలబడతారు. నిలబడి, ఇంకా చెప్పలేదేమే అమ్మా అని నన్నే చూస్తోంది నా కూతురు. ఇంక దాచకూడదు. కూర్చో. నీకో మాట చెప్పాలి.”

కుక్క కూర్చుంది.

“నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఊటబావి దగ్గర ఉన్నాం. సర్కారు లారీ వచ్చింది. తెల్లవాళ్ళ రక్తం కలిసిన లేతరంగు పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి పట్టుకుపోయే లారీ. మా అమ్మ నన్ను రెక్క పట్టుకుని రాళ్ళ గుట్టల్లోకి ఉరికింది. నా చెల్లెలు, నాలుగేళ్ళది, పక్క గుడిసె ఆవిడ దగ్గర ఆడుకుంటోంది. లారీవాడు ఎవరి పిల్ల ఇది అన్నాడు. నాదే అంది ఆవిడ. తల్లి పక్కనుంటే వదిలేస్తారనుకుంది పిచ్చిది. వాడు ఆవిడ పేరే తల్లి పేరని రాసుకుని, పిల్లను ఎక్కించుకుపోయాడు.”

“ఏమంటోంది?” అంది రోవెనా.

క్లిఫ్టన్ చెయ్యెత్తి ఆపాడు. “పాత సంగతి. చెప్పనీ.”

“ఇంటర్వ్యూలో భాగమేనా?”

క్లిఫ్టన్ తల్లీ నాలుగేళ్ళప్పుడే లారీ ఎక్కింది. ఈ ఎడారిలో లారీ ఎక్కిన పిల్లలు వందలమంది. ఆ లెక్క అతను తనకు తాను గట్టిగా చెప్పుకున్నాడు.

“లారీ పోయాక దిగొచ్చాం. దాని అడుగు ఒకటి మిగిలింది నీళ్ళ అంచున. ఎడమది. చిటికెన వేలు పక్కవేలి మీదకెక్కి ఉంటుంది, మా ఆడవాళ్ళ కడుపుల్లో పుట్టినవాళ్ళకి ఉండే గుర్తు. నా కూతురికి ఉండేది. ఇదిగో ఈ పిల్లకూ ఉంది. ఆ అడుగు చుట్టూ రాళ్ళు పేర్చి పక్కన పడుకున్నాను. మూడోనాడు గాలి తీసుకుపోయింది.” ముసలామె ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. “అల్లుడి ముఖం చూడకూడదు. అడుగు చూడకూడదని ఎవరూ అనలేదు కదా? పది రోజుల కింద ఆ మనిషి బూట్లు వాగులో పోయాయి. టాంకు దగ్గర బురదలో ఎడమకాలు చూశాను. గుండె ఆగినంత పనైంది. ఎత్తుకున్నాను. దారిలో విరిగిపోయింది. రెండోదీ విరిగింది. మూడోదాన్ని పిండి డబ్బా మూతలో పెట్టుకుని మా పెదతల్లి దగ్గరికి తీసుకుపోయాను. ఆవిడకు కళ్ళు లేవు. వేళ్ళతో తడిమి, ఆ మూతను ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం దాకా ఏడ్చింది.”

క్లిఫ్టన్ తన ఎడమకాలి వంక చూసుకున్నాడు. చిటికెన వేలు ఎప్పటిలాగే పక్కవేలి మీద ఎక్కి కూర్చుంది. నలభై ఒక్క ఏళ్ళుగా బూట్ల దుకాణాల్లో అతన్ని ఏడిపించిన వేలు. “నాలుగోది?” అన్నాడు అతను కుక్కతో. అడగాలనుకోకుండానే అడిగాడు.

“నాలుగోది నా కోసం,” అంది నంపిజింపా.

రోవెనా ఫైలు మూసింది. ఆమెకు మాటలు తెలియకపోయినా మనుషులు తెలుసు. తన ఎదురుగా ఉన్నవాడి ముఖంలో రంగు పోవడం చూసింది.

“ఒక్కటి అడుగు సార్జంటూ. అతన్ని కన్నదానికి కుడి కనుబొమ్మ రెండుగా చీలి ఉంటుందా? నేనే. పొయ్యిలోని పుల్ల విసిరాను. నా రొట్టె లాక్కుందని. లారీ రావడానికి ముందురోజు. కట్టు కట్టి ఉండగానే తీసుకుపోయారు. అరవై ఏళ్ళ నుంచి ఆ పుల్ల నా చేతిలోనే ఉంది.”

అమ్మ అద్దం ముందు నిలబడి ఆ చీలిక మీద పెన్సిలు దిద్దుకునేది. ఎలా తగిలిందమ్మా అంటే, “ఏమో నాన్నా, నాకు గుర్తుండకముందే తగిలింది,” అనేది. ఆ మాట క్లిఫ్టన్ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి ఎవరున్నారు గనక?

“ఉంటుంది,” అన్నాడు. తర్వాత, కుక్క తల నిమురుతూ, చెప్పవలసింది చెప్పాడు. “ఉండేది. పోయి ఆరేళ్ళయింది.”

వెనక నుంచి వచ్చిన ఏడుపును ఏడుపు అనడానికి నాకు మనసొప్పదు. నేల లోపలి నుంచి వచ్చినట్టు సన్నగా మొదలై, దడి కొమ్మల్ని వణికించి, ఊరి మీదుగా పోయింది. మూసిన తలుపుల వెనక నుంచి ఒక్కొక్క ఆడగొంతే దానితో కలిసింది. ఎవరి కోసమో వాళ్ళకు తెలియదు. అయినా కలిశారు. ముసలామె ఇసుక ఎత్తి నెత్తిన పోసుకుంటోంది. అది రాలుతున్న చప్పుడు క్లిఫ్టన్‌కు స్పష్టంగా వినబడుతోంది.

“ఇటు తిరుగు, కొడకా,” అంది నంపిజింపా. ఈసారి కుక్కతో కాదు. “నేను నీకు అత్తనెట్లా అవుతాను? పెద్దమ్మనిరా. నీ తల్లికి తోడబుట్టినదాన్ని. ఇటు తిరుగు.”

అతను వెంటనే తిరగలేదు. తిరగకపోవడానికి కారణం రోవెనా మోకాళ్ళ మీదే ఉంది. పది నిమిషాలు నోరు మూసుకుంటే చాలు. బంధుత్వం లేదని గీత మీద సంతకం పెడితే పిల్ల ఇక్కడే ఉంటుంది. తిరిగాడంటే అతను తర్జుమా మనిషి కాడు, చుట్టం. చుట్టం చేసిన తర్జుమా చెల్లదు. ఇప్పటిదాకా రాసిందంతా చిత్తుకాగితం. ఒకవేళ ముసలామె పొరబడి ఉంటే ఇంకా ఘోరం. అత్త ముఖం చూసినవాణ్ణి ఏ పెద్దమనిషీ తన నిప్పు దగ్గర కూర్చోనివ్వడు.

కానీ వెనక ఒక ఆడది తోడబుట్టినదాని కోసం ఒంటరిగా ఏడుస్తోంది. చావు ఏడుపు ఏడ్చే మనిషిని చుట్టమన్నవాడు ముట్టుకోకుండా కూర్చోవడం పిర్లిలో ఎవరూ చేయరు. మంచివాళ్ళూ చేయరు, చెడ్డవాళ్ళూ చేయరు.

క్లిఫ్టన్ తిరిగాడు.

కొమ్మల సందులోంచి అమ్మ అతన్ని చూస్తోంది. ఇసుక నిండిన తెల్లజుట్టు, ముడతలు, బోసినోరు. ఆసుపత్రి మంచం మీద వదిలేసి వచ్చిన అమ్మ చనిపోకుండా ముసలిదై ఉంటే ఇలాగే ఉండేది. కనుబొమ్మలు మాత్రం రెండూ నిండుగా ఉన్నాయి. అతని కాళ్ళు వాటంతటవే దడి చుట్టూ నడిచాయి. ముసలామె అతని తల పట్టుకుని తన మెడ కిందికి లాక్కుంది. ఆమె దగ్గర పొగ వాసన వేసింది. ఇద్దరూ గట్టిగా ఏడ్చారు. సిగ్గుపడలేదు.

రోవెనా లేచి వచ్చి కొంచెం దూరంలో నిలబడింది. కళ్ళద్దాలు తీసేసింది. “క్లిఫ్టన్, ఆవిడ నీకేమవుతుంది?”

“పెద్దమ్మ. మా అమ్మకు సొంత అక్క.”

“రుజువుందా?”

“మీ కాగితంలో లేదు. మీ కాగితమే తప్పు రాసింది.” అతను నెరీసా ఎడమపాదాన్ని పట్టుకుని, తన పాదం పక్కన ఇసుకలో ఆనించాడు. రెండు చిటికెన వేళ్ళూ ఒకేలా పక్కవేళ్ళ మీదకెక్కి ఉన్నాయి. “నేను ఈ పిల్లకు మేనమామను.”

రోవెనా ఆ రెండు పాదాల వంక చాలాసేపు చూసింది. చూస్తుండగానే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నేను నమ్ముతున్నాను. కానీ వేళ్ళు కోర్టులో నిలబడవు. ఈ వాంగ్మూలం ఇక చెల్లదు. నీకు తెలుసు. నువ్వు ఈ నిమిషం నుంచి ఈ కేసులో లేవు. ఇంకో మనిషి వచ్చి మళ్ళీ మొదటి నుంచి అడగాలి. అందాకా పిల్ల పట్టణంలో ఉండాలని నేను సంతకం పెట్టిన ఉత్తర్వు అలాగే ఉంది. నేను కొట్టేయలేను. రద్దు చేసే అధికారం పైవాళ్ళది.”

“అందాకా అంటే ఎన్నాళ్ళు?”

ఆమె నేల చూపులు చూసింది. తూర్పు వైపు ఆకాశంలో ఈగ రొదలాంటి చప్పుడు మొదలై, పెద్దదవుతూ వచ్చింది.

నంపిజింపాకు ఇంగ్లీషు రాదు. విమానం చప్పుడు వచ్చు. ఆమె నెరీసాను రెండు చేతులతో ఎత్తి క్లిఫ్టన్ ఒళ్ళో కూర్చోబెట్టింది. అతను పిల్లను ఎత్తుకుని లేచి నిలబడ్డాడు. పిల్ల అతని ముఖాన్ని పరీక్షగా చూసింది. చేతులు అతని మెడ చుట్టూ వేసి, భుజం మీదుగా మూసి ఉన్న ఇంటి వైపు చూసి, ఎవరినో రమ్మన్నట్టు చెయ్యి ఊపింది.

“క్లిఫ్టన్, పిల్లను దించు,” అంది రోవెనా. “దయచేసి విను. ఇప్పుడు దించితే నువ్వు సెలవు పెట్టిన ఉద్యోగివి. రేపు మేనమామగా దరఖాస్తు పెట్టుకోవచ్చు, నేను పక్కన నిలబడతాను. దించకపోతే శాఖ పిల్లను ఎత్తుకుపోతున్న మగవాడివి. వాళ్ళు అలాగే రాస్తారు. పోలీసు విమానంలోనే ఉన్నాడు.”

ఊరి అవతల విమానం చక్రాలు నేలను తాకాయి. ఎర్రదుమ్ము లేచింది. మూసి ఉన్న తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుని ఆడవాళ్ళు బయటికి వస్తున్నారు. నంపిజింపా లేచి, దుప్పటి దులిపి, అతని వెనక నిలబడింది.

అతను పిల్లను దించలేదు.